గీత గీసేశాక మమ్మల్ని అడిగి ఏం లాభం?

రోడ్డు వెడల్పు మీద ప్రజాభిప్రాయ సేకరణ ఉందంటే వెళ్ళాను. ఆ సంగతి తెలిసింది కూడా చివర్లోనే, కౌన్సిల్ ఆఫీసు బోర్డు మీద పాత కాగితాల కింద నోటీసు సగం కనపడుతూ ఉంటే పక్కింటావిడ ఫోటో తీసి పంపింది, లేకపోతే నాకూ తెలిసేది కాదు. హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగా గోడ నిండా పెద్ద రంగుల ప్లాన్. రోడ్డు నున్నగా ఉంది, రెండు పక్కలా చెట్లు నిండుగా ఎదిగి ఉన్నాయి, ఫుట్‌పాత్ మీద ఒకమ్మ పిల్లని చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. దాని మీద ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక ఎర్ర గీత. జనమంతా ఆ గీత దగ్గరే ఉన్నారు, వేలు పెట్టి సందులు లెక్కపెట్టుకుంటూ తమ ఇల్లు ఎక్కడొచ్చిందో వెతుక్కుంటున్నారు. ఒక పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదకి ఎత్తి, గోడకి ముక్కు ఆనేంత దగ్గరకెళ్ళి, "బాబూ, ఈ గీత మా మెట్లకి ఇవతల నుంచి పోతోందా అవతల నుంచా" అని అక్కడున్న కుర్రాణ్ణి అడిగాడు. ఆ కుర్రాడు కూడా వంగి చూశాడు. "తాతగారూ, ఈ స్కేల్లో గీత మందమే ఒక గదంత వస్తుంది, దీన్ని చూసి నేను చెప్పలేను" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నా బుర్రలోంచి పోవట్లేదు. గీత మందం ఒక గదంత, ఆ గది ఎవరో ఒకరిది కదా.

నా వంతు వచ్చినప్పుడు నేనడిగింది ఒకటే. "ఇంత వెడల్పు కావాలని ఎలా తేల్చారు సార్?" "ట్రాఫిక్ సర్వే చేయించాం మేడమ్." "ఆ సర్వే ఒకసారి చూడొచ్చా?" "అది కన్సల్టెంట్ దగ్గరుంటుంది, మీరు మీ అభ్యంతరం రాసివ్వండి, పరిశీలిస్తాం." చాలా మర్యాదగానే చెప్పారు, ఆయన్ని నేను తప్పు పట్టట్లేదు, ఆయనకి గోడ మీద బొమ్మ తగిలించి కాగితాలు తీసుకోమని చెప్పారు, ఆయన ఆ పని చేస్తున్నాడు. కానీ అభ్యంతరం దేని మీద రాయాలి? వెడల్పు ఎందుకో చూపించకుండా వెడల్పు మీద అభ్యంతరం రాయమంటే జనం ఏం రాస్తారు, మా గోడ పోతోంది బాబూ అని రాస్తారు. అప్పుడు అవతలి వాళ్ళు ఏమంటారు, చూశారా అందరూ ఎవరి గోడ గురించి వాళ్ళే ఏడుస్తున్నారు, ఊరి సంగతి ఎవరికీ పట్టదు అంటారు. జనాన్ని గోడ దగ్గరే ఆపేసింది ఎవరండీ?

ముందే చెప్తున్నా, నేను రోడ్లు వద్దనే మనిషిని కాదు. అంబులెన్సు ఇరుక్కుపోయిన సందులు చూశాను, బస్సు రాని కాలనీల్లో ఉన్నాను. రోడ్డు కావాల్సిన చోట కావాలి. నా గొడవంతా అడిగే టైము గురించి. అడగాల్సింది గీత గీయకముందు, చూపించాల్సింది ఆ గీతకి కారణమైన లెక్క. బొమ్మ తర్వాతైనా చూస్తాం.

ఆ లెక్క కాగితాలు చివరికి చేతికొచ్చాయి. రెండు అర్జీలు పెట్టాను, ఎన్నిసార్లు తిరిగానో గుర్తులేదు. ఇంటికొచ్చి టేబుల్ మీద పరుచుకుని కూర్చుంటే మొదట ఏమీ అర్థం కాలేదు, నిలువు గడులు అడ్డ గడులు, అన్నీ నంబర్లు. కాసేపటికి ఒకటి తట్టింది. కార్లకి గడి ఉంది, టూవీలర్లకి ఉంది, ఆటోలకి, బస్సులకి, లారీలకి ఉన్నాయి. నడిచేవాళ్ళకి గడి లేదు. ఆ రోడ్డు మీద బడి ఉంది, సాయంత్రం బడి వదిలితే రోడ్డు దాటే పిల్లలు గుంపులు గుంపులుగా ఉంటారు, వాళ్ళెవరూ ఆ కాగితంలో లేరు. లెక్కలో లేనివాళ్ళకి ప్లాన్‌లో చోటు ఎక్కణ్ణుంచి వస్తుంది? బొమ్మలో ఫుట్‌పాత్ మీద నడిచే ఆ తల్లీ పిల్లా ఉన్నారు చూడండి, వాళ్ళని కంప్యూటర్లో తర్వాత అతికించారన్నమాట.

పీసీయూ అని ఒకటుంటుంది, ప్యాసింజర్ కార్ యూనిట్. రోడ్డు మీద వెళ్ళే రకరకాల బళ్ళని ఒకే కొలతలోకి తేవడానికి కారుని ఒకటి అనుకుని, టూవీలర్ అందులో సగం లాంటిది, బస్సు లారీ రెండు మూడు కార్లతో సమానం, ఇలా మార్చి కూడతారు. ఇంజినీర్లకి ఇది పనికొచ్చే కొలతే, రోడ్డు మీద ఏ బండి ఎంత జాగా ఆక్రమిస్తుందో చెప్తుంది. కానీ అది కొలిచేది జాగాని, మనుషుల్ని కాదు. యాభై మందిని మోసే బస్సు ఈ లెక్కలో మూడు కార్లంత అడ్డం. ఒక్కడే కూర్చున్న కారు ఒక కారే. నడిచేవాడు సున్నా. రోడ్డు మీద ఎన్ని బళ్ళు పట్టాలి అని అడిగితే ఒక ప్లాన్ వస్తుంది, ఎంతమంది మనుషులు ఎలా వెళ్తున్నారు అని అడిగితే ఇంకో ప్లాన్ వస్తుంది, ఈ రెండు ప్రశ్నల్లో ఏది అడగాలన్నది ఇంజినీరింగ్ విషయం కాదు, అది ఊరు తేల్చుకోవాల్సిన విషయం, దాన్ని ఎక్కడో ఆఫీసులో ఒక టేబుల్ దగ్గర తేల్చేసి మన దగ్గరకి రంగుల బొమ్మతో వస్తున్నారు.

ఇంకో గడి ఉంది, దాని మీదే నాకు ఎక్కువ కోపం. గ్రోత్ రేట్. ట్రాఫిక్ ఏడాదికి ఎంత శాతం పెరుగుతుందో ఒక నంబరు వేసుకుని ఇరవై ఏళ్ళ తర్వాతి ట్రాఫిక్ లెక్కగడతారు. మీరే ఫోన్లో కాలిక్యులేటర్ తీసి చూడండి. ఏడాదికి 3 శాతం అనుకుంటే ఇరవై ఏళ్ళకి ఇప్పటి ట్రాఫిక్ 1.8 రెట్లు అవుతుంది. 5 శాతం అంటే 2.65 రెట్లు. 7.5 శాతం అంటే 4.25 రెట్లు. అదే రోడ్డు, అవే బళ్ళు, ఒక్క గడిలో అంకె మారితే చాలు, ఇప్పుడున్న రోడ్డునే బాగుచేసుకుంటే సరిపోయేదల్లా నాలుగు లైన్లు తప్పనిసరి అయిపోతుంది. ఎవరి ఇల్లు ఉంటుందో ఎవరి ఇల్లు పోతుందో నిజంగా తేలేది ఆ గడి దగ్గర. మరి నాకు దొరికిన కాగితాల్లో ఆ అంకె ఎందుకు వేసుకున్నారో ఒక్క లైను కూడా లేదు, అంకె మాత్రం ఉంది.

ఈ అంచనాలు ఎంతవరకు నిజమవుతాయో కూడా లెక్కలున్నాయి. డెన్మార్క్‌కి చెందిన బెంట్ ఫ్లూబ్యెర్ బృందం 14 దేశాల్లో ప్రాజెక్టుల మీద 2005లో ఒక పరిశోధన ప్రచురించింది, అందులో 183 రోడ్డు ప్రాజెక్టులున్నాయి. వాటిలో సగం చోట్ల అసలు ట్రాఫిక్‌కీ ముందు వేసిన అంచనాకీ తేడా 20 శాతం కంటే ఎక్కువ, నాలుగో వంతు చోట్ల 40 శాతం దాటిపోయింది. అది పైకే తప్పిందనట్లేదు, అటూ తప్పుతుంది ఇటూ తప్పుతుంది. బ్రిటన్‌లో ప్రభుత్వ సలహా కమిటీ ఒకటి 1994లోనే తేల్చి చెప్పింది, రోడ్డు కడితే ఆ రోడ్డు వల్లే కొత్త ట్రాఫిక్ పుడుతుందని, దాన్ని లెక్కలోకి తీసుకోవాలని. అమెరికా నగరాల మీద డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో చూపించింది కూడా దాదాపు అదే, లైన్లు ఎంత పెరిగితే బళ్ళు తిరిగే దూరం కూడా దాదాపు అంతే పెరుగుతోందని. ఇదంతా చదివి అంచనాలు వేయడం మానేయమని చెప్పట్లేదు నేను. ఇంత తేడా రావడానికి అవకాశం ఉన్న అంకెని దాచిపెట్టి దాని మీద ఇళ్ళు కొట్టకండి అంటున్నాను. ఒక అంకె కాకపోతే మూడు అంకెలు వేసి చూపించండి, తక్కువ పెరిగితే ఇది, ఎక్కువ పెరిగితే ఇది అని. జనానికి అర్థం కాదంటారు. చిట్టీల లెక్కలు, అప్పు వాయిదాల వడ్డీలు నెలనెలా వేసుకునే జనానికి చక్రవడ్డీ అర్థం కాదా?

అడగడం అంటే ఏంటో కోర్టులు ఎప్పుడో చెప్పాయి. లండన్‌లో బ్రెంట్ కౌన్సిల్ మీద 1985లో గన్నింగ్ కేసు నడిచింది, అది స్కూళ్ళ గొడవ, రోడ్డుది కాదు, కానీ అందులోంచి వచ్చిన నాలుగు మాటలు ఇప్పటికీ అక్కడి కౌన్సిళ్ళకి కొలబద్ద. నిర్ణయం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే అడగాలి. జనం ఆలోచించి జవాబు చెప్పగలిగేంత సమాచారం, కారణాలు ఇవ్వాలి. సరిపడా టైము ఇవ్వాలి. వచ్చిన జవాబుల్ని మనసు పెట్టి చూసి అప్పుడు నిర్ణయించాలి. 2014లో హారింగే అనే ఇంకో లండన్ కౌన్సిల్ మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కౌన్సిల్ ట్యాక్స్ రాయితీ తగ్గించే విషయం. వేరే దారే లేదన్నట్టు జనానికి చెప్పారని, వేరే దారులు ఉన్నా అవి ఎందుకు వద్దనుకున్నారో చెప్పలేదని, కాబట్టి ఆ అభిప్రాయ సేకరణ చెల్లదని కోర్టు తేల్చింది. ఇది చదివినప్పుడు నాకు మా హాల్లో గోడ గుర్తొచ్చింది. దాని మీద ఒకే బొమ్మ ఉంది. రెండో బొమ్మ లేదు, అసలు రెండో బొమ్మ ఎప్పుడైనా గీశారో లేదో కూడా ఎవరూ చెప్పలేదు.

యూరప్ దేశాలు 1998లో ఆర్హస్‌లో ఒక ఒప్పందం రాసుకున్నాయి, పర్యావరణం మీద ప్రభావం పడే పనుల్లో జనాన్ని ఎలా కలుపుకోవాలన్నదాని మీద. పెద్ద రోడ్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అన్ని ఆప్షన్లూ ఇంకా తెరిచి ఉన్నప్పుడే, మొదట్లోనే జనాన్ని పిలవాలని అందులో రాశారు. మన సమాచార హక్కు చట్టం, 2005ది, జనం దాన్ని అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబొచ్చే చట్టంగానే చూస్తారు, కానీ అందులో సెక్షన్ 4 చదవండి ఒకసారి. జనం మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు తయారు చేసేటప్పుడు, నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధించిన వాస్తవాలన్నీ ప్రచురించాలని ఉంది, నిర్ణయం వల్ల ప్రభావితమయ్యేవాళ్ళకి దాని కారణాలు చెప్పాలని ఉంది. ఎవరూ అర్జీ పెట్టకముందే చేయాల్సిన పని అది. అంటే నేను రెండు అర్జీలు పెట్టి తిరిగి తెచ్చుకున్న కాగితాలు అసలు ఆ హాల్లో ఆ బొమ్మ పక్కనే అతికించి ఉండాలి.

కౌన్సిల్ మినిట్స్ సంగతి కూడా చెప్పాలి. ఈ రోడ్డు ఎప్పుడు మొదలైందో చూద్దామని పాత తీర్మానాలు తిరగేశాను. "చర్చించి ఆమోదించడమైనది." ప్రతి అంశం కింద అదే వాక్యం. ఏం చర్చించారు, ఎవరు కాదన్నారు, ఎవరు అవునన్నారు, ఏదీ లేదు. ఈ రోడ్డు అంశమైతే టేబుల్ అజెండాలో వచ్చింది, అంటే మీటింగ్ రోజు అప్పటికప్పుడు సభ్యుల ముందు పెట్టింది. ఓటేసినవాళ్ళలో ఎంతమంది ఆ ట్రాఫిక్ కాగితాలు చూశారో నాకు అనుమానమే. ప్రజలకి చూపించలేదని మనం బాధపడుతున్నాం గానీ, చాలాసార్లు మనం ఎన్నుకున్నవాళ్ళకి కూడా చూపించరు.

కారణాలు కాగితం మీద ఉండటం ఎంత ముఖ్యమో మెంఫిస్ వాళ్ళని చూస్తే తెలుస్తుంది. అమెరికాలో ఆ ఊరి మధ్యలో ఓవర్టన్ పార్క్ అని పెద్ద పార్కు, దాని మధ్య నుంచి ఆరు లైన్ల హైవే వేయాలనుకున్నారు. స్థానికులు కొందరు కలిసి కోర్టుకెళ్ళారు. 1971లో సుప్రీంకోర్టు అన్న మాట ఏంటంటే, కేసు పడ్డాక లాయర్లు రాయించుకొచ్చిన అఫిడవిట్లు కాదు, నిర్ణయం తీసుకున్న రోజు అధికారి ముందు ఏ రికార్డు ఉందో అది చూడాలని. ఇదే కావాలి మనకి కూడా. తర్వాత అతికించిన కారణం కాదు, ఆ రోజు ఉన్న కారణం. ఆ హైవే ఆ పార్కు గుండా ఇప్పటికీ లేదు, ఊరి ఉత్తరం వైపు నుంచి చుట్టి వెళ్తుంది, మెంఫిస్ ఏమీ మునిగిపోలేదు.

ఇప్పుడు అవతలివాళ్ళ మాట. మూడు మాటలంటారు, మూడూ కొట్టిపారేసేవి కావు.

ముందే బయటపెడితే రియల్ ఎస్టేట్ వాళ్ళు దూరి భూములు కొనేస్తారు అంటారు. నిజమైన భయమే. కానీ ప్లాన్ బయటికి రాకముందు దాన్ని ఎంతమంది చూస్తారో ఆలోచించండి. సర్వే చేసినవాళ్ళు, డ్రాయింగ్ వేసినవాళ్ళు, కన్సల్టెంట్ ఆఫీసు, కమిటీలు, వాళ్ళ చుట్టాలు, స్నేహితులు. తెలియాల్సినవాడికి ఎప్పుడో తెలిసిపోతుంది. రహస్యం పనిచేసేది లోపల ఎవరూ తెలియనివాడి మీద, అంటే ఆ పెద్దాయన మీద, నా మీద. అదే రెండు మూడు అలైన్‌మెంట్లు, అంటే రోడ్డు పోయే దారులు, ఒకే రోజు అందరి ముందూ పెడితే ఎవడు దేని మీద పందెం కాస్తాడు? బ్రిటన్‌లో అయితే ప్రాజెక్టు వల్ల పెరిగిన విలువని పరిహారం లెక్కలో కలపకూడదనే నియమం ఉంది, అలాంటిది పెట్టుకుంటే సగం ఆశ అక్కడే చస్తుంది.

ఆలస్యం అవుతుంది అంటారు. అవుతుంది. కాకపోతే ఆ ఆలస్యం ఎప్పుడు పడాలన్నది ఎంచుకోవచ్చు. టొరంటోలో స్పడైనా ఎక్స్‌ప్రెస్‌వే కొంత కట్టేశాక జనం తిరగబడితే 1971లో ఆపేశారు. కట్టిన ముక్క ఆలెన్ రోడ్ పేరుతో ఇప్పటికీ ఉంది, ఎగ్లింటన్ అవెన్యూ దగ్గరకొచ్చి ఆగిపోతుంది. ముందు అడిగితే నెలలు పోతాయి. తర్వాత అడిగితే, సగం కట్టిన కాంక్రీటు అలా ఉండిపోతుంది.

మూడోది, జనం ఎప్పుడూ వద్దనే అంటారు, జనానికి ముందుచూపు ఉండదు అని. దీని దగ్గర నేను కొంచెం ఆగుతాను, ఎందుకంటే జనం తప్పు చేయరని నేననను. శాన్ ఫ్రాన్సిస్కోలో సముద్రం ఒడ్డున ఎంబార్కడెరో ఫ్రీవే ఉండేది, దాన్ని కూల్చేద్దామా అని 1986లో ఓటింగ్ పెడితే జనం వద్దన్నారు. 1989 భూకంపంలో అది దెబ్బతింది, 1991లో తీసేశారు, ఇప్పుడు ఆ ఒడ్డు జనం తిరిగే చోటు, ఫ్రీవే మళ్ళీ కావాలనేవాళ్ళు కనపడరు. అలాగని జనాన్ని అడగొద్దనాలా? స్టాక్‌హోం ఏం చేసిందో చూడండి. ఊళ్ళోకొచ్చే బళ్ళకి ఛార్జీ పెడతామంటే మొదట ఎక్కువమంది వద్దన్నారు. 2006లో జనవరి నుంచి జులై దాకా ట్రయల్ పెట్టారు, ఛార్జీ పెట్టిన హద్దు దాటే ట్రాఫిక్ దాదాపు 20 శాతం తగ్గింది, జనం రోజూ కళ్ళారా చూశారు, సెప్టెంబర్లో ఓటింగ్ పెడితే నగరంలో స్వల్ప మెజారిటీతో సరే అన్నారు. 2007 నుంచి అది పర్మనెంట్. చూపించి, చేసి చూపించి, ఆ తర్వాత అడిగారు. అక్కడ మారింది జనం కాదు, జనం ముందున్న సమాచారం.

షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే ఆవిడ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా గీసింది. అన్నిటికంటే కింద మెట్టు జనాన్ని బుట్టలో వేసుకోవడం, పై మెట్టు జనం చేతిలోనే అధికారం. అభిప్రాయ సేకరణ నాలుగో మెట్టు, అడుగుతారు గానీ వినాలన్న పూచీ ఏమీ ఉండదు. నేనేమీ ఎనిమిదో మెట్టు అడగట్లేదు. నాలుగో మెట్టునే నిజాయితీగా ఎక్కించమంటున్నాను. ఎవరు ఏమడిగారు, దానికి కౌన్సిల్ ఏమంది, ఒప్పుకుంటే ఏం మార్చారు, ఒప్పుకోకపోతే ఎందుకు, ఇది ఒక పట్టికగా బయట పెట్టండి చాలు. ఇచ్చిన అర్జీకి "పరిశీలించడమైనది" అనే ఒక్క మాట జవాబుగా వస్తే మనిషి రెండోసారి రాడు. రెండోసారి రానివాణ్ణి చూపించి జనానికి ఆసక్తి లేదంటారు.

కాగితాలు చూశాక పక్కింటావిడా నేనూ ఒక నోటుబుక్కు పట్టుకుని బడి దగ్గర రోడ్డు పక్కన నిలబడ్డాం, సాయంత్రం బడి వదిలే టైముకి. నలుగురు దాటితే నాలుగు గీతలు, అయిదో మనిషికి అడ్డగీత. పిల్లలు, పిల్లల్ని తీసుకెళ్ళడానికొచ్చిన అమ్మమ్మలు తాతయ్యలు, తోపుడుబండి తోసుకుపోయేవాళ్ళు, బస్సు దిగి అవతలికి పోయేవాళ్ళు. చక్రాల కుర్చీలో ఒకాయన ఫుట్‌పాత్ ఎక్కలేక రోడ్డు అంచునే వెళ్ళాడు, ఆయన్ని ఏ గడిలో రాయాలో తెలీక కాసేపు ఆలోచించి ఆయనకి విడిగా ఒక గడి గీశాం. గంట గడిచేసరికి మూడు పేజీలు నిండాయి. చేతులు నొప్పెట్టాయి. ఇదేం పెద్ద శాస్త్రీయ సర్వే కాదు, ఒక్క రోజు, ఒక్క గంట, ఇద్దరు మనుషులు. మాకొచ్చిన కాగితాల్లో సర్వే కూడా ఒక్క రోజుదే.

అభ్యంతరాల గడువు చివరి రోజు వెళ్ళి ఆ పేజీల కాపీలు జత చేసి అర్జీ ఇచ్చాం. గ్రోత్ రేట్ ఎక్కణ్ణుంచి తెచ్చారని అడిగాం, నడిచేవాళ్ళని లెక్కపెట్టమని అడిగాం, ఈ అలైన్‌మెంట్ కాకుండా ఇంకేవి చూశారో, అవి ఎందుకు వద్దన్నారో చెప్పమన్నాం. పెద్దాయన కూడా మాతో వచ్చాడు, ఆయన మాట అన్నిటికంటే పైన రాయించాడు, గీత మా మెట్లకి ఇవతలా అవతలా, ఎన్ని అడుగుల్లో, కొలిచి చెప్పండి అని. ఇన్‌వార్డ్ స్టాంపు వేయించుకుని, నంబరు రాసుకుని ఆ రసీదు ఆయనే జేబులో పెట్టుకున్నాడు. జవాబు ఇంకా రాలేదు. సోమవారం మళ్ళీ వెళ్తున్నాం.